ఎనిమిదో రౌండులో మా మేనల్లుడు

మా తమ్ముడు వర్జిల్ స్ట్రౌడ్ నోటి సంగతి మా జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. బిట్టర్ క్రీక్ పశువుల సంతలో ప్రతి మంగళవారం మైకు ముందు కూర్చుని వేలం పాట పాడేది వాడే. ముప్ఫై ఏళ్ళుగా పాడుతున్నాడు. ఊపిరి తీసుకోకుండా నలభై అంకెలు చెప్పగలడు, ఆ అంకెల మధ్యలో ఎవరి టోపీ కదిలిందో కూడా చూడగలడు. ఆ సంత కొట్టానికి ఓ మూలనున్న హోటల్లో వంట చేసేదాన్ని నేను, వాడి అక్కని, నదీన్‌ని. పప్పుచిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె, వేపుడు మాంసం మీద తెల్ల గ్రేవీ, పళ్ళతో చేసే పై. ముప్ఫై ఏళ్ళుగా నాదీ అదే పాట.

ఇప్పుడు చెప్పేది వర్జిల్ కొడుకు డేలెన్ గురించి. చెప్పమని నన్నెవరూ అడగలేదు. ఊరంతా వాడి కథని తప్పుగా చెప్పుకుంది. అది చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. అందుకని చెబుతున్నాను.

డేలెన్ నోట్లో నాలుక లేని పిల్లవాడు. తండ్రి నోరే ఇంటిల్లిపాదికీ సరిపోయింది. తల్లి లొరేనా స్కూలు బస్సు నడిపేది. పొద్దున్నే పోయేది, సాయంత్రం దాకా వచ్చేది కాదు. అందుకని వేసవి సెలవుల్లో పిల్లవాడు నా హోటల్ వెనకే పెరిగాడు. వాడికి ఆరేళ్ళప్పుడు ఎవరో పారేసిన బేస్‌బాల్ గ్లౌజు ఒకటి దొరికింది. గోడ ముందు గొంతు కూర్చుని, "అత్తా, ఒకటి వెయ్యి" అనేవాడు. పిండి చేతులతోనే వేసేదాన్ని. మిగతా పిల్లలందరికీ బంతి విసరాలని ఉంటుంది, బ్యాటుతో బాదాలని ఉంటుంది. వీడికి కూర్చుని పట్టుకోవాలని ఉండేది. వదిలేస్తే బంతి వంటింటి అద్దానికి తగులుతుందని చెప్పాను. అంతే, ఆ వేసవి మొత్తం ఒక్కటి వదల్లేదు.

పన్నెండేళ్ళకి క్యాచర్ అయ్యాడు. బ్యాటు పట్టుకున్నవాడి వెనక మొహానికి జాలీ కట్టుకుని కూర్చునేవాడన్నమాట. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు. మోకాళ్ళు పోతాయి, వేళ్ళు విరుగుతాయి, చప్పట్లు మాత్రం బంతి విసిరే పిచ్చర్‌కి. డేలెన్ కుడి బొటనవేలు రెండుసార్లు విరిగి, ఇప్పటికీ తిన్నగా రాదు. అయినా వాడికి అదే సుఖం. ఏ పిచ్చర్‌కి ఎప్పుడు ధైర్యం జారుతోందో ముందే కనిపెట్టి, లేచి వెళ్ళి ఒక్క ముక్క చెప్పి వచ్చేవాడు. ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడని పిల్లవాడు మైదానంలో తొమ్మిది మందిని నడిపేవాడు. రాష్ట్ర యూనివర్సిటీ వాళ్ళు చదువు ఖర్చు తామే పెట్టుకుని తీసుకుపోయారంటే ఊరికే తీసుకుపోలేదు.

వాడు మూడో ఏడు చదువుతుండగా హాలిస్ టేట్ అనే స్కౌట్ మా హోటల్‌కి రావడం మొదలెట్టాడు. పెద్ద క్లబ్బు తరఫున ఊళ్ళు తిరిగి కుర్రాళ్ళని చూసి రాసుకునే మనిషి. మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడతాడు. నా పై తింటూ, మీవాడు నిద్ర బాగా పోతాడా, తాగుతాడా, కోపం వస్తే ఏం చేస్తాడు అని అడిగాడు. లొరేనా లోపలికి వస్తే ఆవిడ మోకాళ్ళకేసి చూశాడు. దూడని కొనడానికి వచ్చి తల్లి పొదుగు చూసినట్టు చూశాడు. నాకు నవ్వొచ్చింది కానీ తప్పనిపించలేదు. మేమూ అదే పనివాళ్ళం కదా.

డ్రాఫ్ట్ జులైలో మూడు రోజులు జరుగుతుంది. ముప్ఫై క్లబ్బులు వంతులవారీగా పేర్లు పిలుచుకుంటాయి, ఇరవై రౌండ్లు. ఎవరు పిలిస్తే ఆ కుర్రాడు వాళ్ళవాడు. పిలిచే ముందు స్కౌట్ ఫోన్ చేస్తాడు, ఇంత ఇస్తాం, వస్తావా అని. మూడో ఏడు కుర్రాడు వద్దనచ్చు. కాలేజీలో ఇంకో ఏడాది ఆడుకోవచ్చు. నాలుగో ఏడు అయిపోయినవాడికి ఆ దారి లేదు. కాలేజీ ఆట అయిపోయింది, వయసు ఇరవై రెండు దాటింది. ఈ తేడా డేలెన్‌కి తెలుసు. మా ఊళ్ళో ఇంకెవరికీ పట్టలేదు.

మా ఊళ్ళో పట్టేది ఒక్కటే. మొదటి ధరకి ఒప్పుకోకూడదు. సంతలో మొదటి పాట పడగానే సరుకు తాలూకు మనిషి తన బూట్లకేసి చూస్తాడు. పలకడు. రెండో పాట దాకా దగ్గు కూడా దగ్గడు. ఎప్పుడో నా చిన్నప్పుడు ఒకాయన మొదటి మాటకే కోడెని ఇచ్చేశాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది, ఆయన మనవణ్ణి ఇప్పటికీ "తొందరోడు" అని పిలుస్తారు. ఆ కుర్రాడికి అసలు పశువులే లేవు, పళ్ళ డాక్టరు.

అలాంటి ఊళ్ళో కాలేజీ కోచ్ వర్జిల్‌కి చెప్పి చూశాడు, ఇలాంటి బేరాలు తెలిసిన మనిషి ఒకణ్ణి సలహాకి పెట్టుకోండి అని. వర్జిల్ పకపకా నవ్వాడు. పది వేల పశువుల్ని అమ్మినవాణ్ణి, నా కడుపున పుట్టినవాడి ధర చెప్పడానికి నాకు ఇంకొకడు కావాలా అన్నాడు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

డ్రాఫ్ట్ మూడో రోజు మంగళవారం పడింది, సంత రోజు. హోటల్ కిటకిటలాడుతోంది. గోడ మీది టీవీలో పదకొండో రౌండు పేర్లు నడుస్తున్నాయి. డేలెన్ గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని, ముందు పెట్టిన కాఫీ ముట్టుకోకుండా టీవీకేసి చూస్తున్నాడు. ఫోన్ తనకే చెయ్యాలని వర్జిల్ టేట్‌కి ముందే చెప్పి ఉంచాడు. పన్నెండో రౌండు మొదలవుతుండగా మోగింది. వర్జిల్ మైకు ఇంకొకడి చేతిలో పెట్టి, పరుగున వచ్చి మా అందరి మధ్యలో నిలబడి ఎత్తాడు.

"లక్షా పాతిక వేల డాలర్లా" అని గట్టిగా, నలుగురికీ వినబడేలా అన్నాడు.

హోటల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. మా ఊళ్ళో ఏ ఇరవై ఒక్కేళ్ళవాడూ ఆ సొమ్ము కంటితో చూడలేదు. డేలెన్ స్టూలు దిగి తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు.

"సరేనను నాన్నా" అన్నాడు. "ప్లీజ్, సరేనను."

వర్జిల్ ఒక వేలు ఎత్తాడు, ఆగమని. నేలకేసి చూశాడు. ఐదు లెక్కపెట్టేంత సేపు పలకలేదు. అలా చూస్తూ చూస్తూ తలెత్తి నాకేసి ఒకసారి చూశాడు, ఏమంటావే అక్కా అన్నట్టు. నేను తల ఊపాను. కానివ్వు, ఇంకా లాగు అని. దేవుడి మీద ఒట్టు, ఊపాను. డేలెన్ అది చూశాడు.

"రెండు లక్షలు" అన్నాడు వర్జిల్.

అవతలివాడు ఏదో మెత్తగా అన్నాడు. మళ్ళీ చేస్తానన్నాడట. వర్జిల్ ఫోన్ బల్ల మీద పెట్టి, నాకో పై ముక్క పెట్టవే అన్నాడు. జనం ముసిముసిగా నవ్వుకున్నారు, బేరమంటే ఇదిరా అని. ఒకటిన్నర నిమిషం గడిచింది. టీవీలో టేట్ క్లబ్బు వంతు వచ్చింది. లూసియానా నించి ఒక క్యాచర్ పేరు పిలిచారు.

వర్జిల్ పై తింటూనే ఉన్నాడు. మళ్ళీ వస్తారు, ఎక్కడికి పోతారు, లేకపోతే ఇంకొకడొస్తాడు అన్నాడు. పదమూడు వచ్చింది, పద్నాలుగు వచ్చింది. ఇరవయ్యో రౌండు అయ్యేసరికి సంత ఖాళీ అయింది, నేను కుర్చీలు బల్లల మీదికి ఎక్కిస్తున్నాను. డేలెన్ ఆ స్టూలు మీదే ఉన్నాడు. ఆఖరి పేరు అయ్యాక లేచి, కుర్చీలు ఎత్తడానికి నాకు సాయం వచ్చాడు. తిట్టినా బాగుండేది. ఇంటికి పోతూ వర్జిల్ వాడి భుజం చరిచి, నీ ధర నేను పడగొట్టలేదురా, వచ్చే ఏడాది వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు అన్నాడు.

నాలుగో ఏడు వాడు ఆడిన ఆట నేను మర్చిపోలేను. ఒక్క మ్యాచ్ మానలేదు. వారాంతాల్లో ఒకే రోజు రెండేసి మ్యాచ్‌లు పడితే, రెంటికీ వాడే కూర్చున్నాడు. రాత్రుళ్ళు మోకాళ్ళకి మంచు కట్టుకుని పడుకునేవాడని లొరేనా చెప్పింది. బ్యాటింగు కూడా పెరిగింది. ఊళ్ళో అందరూ చెప్పుకున్నారు, వర్జిల్ మామూలోడు కాదు, ఏడాది మేపి అమ్ముతున్నాడు అని. నా ముందే అన్నారు. నేను నవ్వాను కూడా.

మే నెలలో టేట్ మళ్ళీ వచ్చాడు. ఈసారి పై అడగలేదు. డేలెన్‌ని వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. వంటింటి తలుపుకి ఇటుపక్క పిండి కలుపుతూ నేను ఉన్నానని టేట్‌కి తెలియదు.

ఆ మెత్తటి గొంతుతోనే చెప్పాడు. తన దగ్గర ఎనిమిది మంది ఆఖరేడాది కుర్రాళ్ళ పేర్లు ఉన్నాయట. అందరికీ ఒకటే మాట. పది వేలు. మొదటి పది రౌండ్లకి క్లబ్బుకి ఇంత సొమ్మని పైవాళ్ళు కట్టి ఇస్తారు. నీలాంటివాణ్ణి పదివేలకి పిలిస్తే, మిగిలినది హైస్కూలు నించి వచ్చే ఒక పిల్లవాడికి పోస్తారు. వాడు కావాలి వాళ్ళకి. ఇది దాచే విషయం కాదు, నీకు తెలిసి ఉండాలి అన్నాడు.

డేలెన్ "మా నాన్నతో..." అన్నాడు.

"మీ నాన్నతో నేను మాట్లాడను బాబూ. ఆయన గొంతు వినబడితే ఫోన్ పెట్టేసి రెండో పేరుకి చేస్తాను. నీకు చేస్తాను, నువ్వు ఎత్తాలి, అవునో కాదో చెప్పాలి. అంతే."

నేను అప్పడాల కర్ర పట్టుకుని తలుపు తోశాను. డేలెన్ నన్ను చూసి, కొద్దిగా, చాలా కొద్దిగా తల అడ్డంగా ఊపాడు. వెనక్కి వెళ్ళిపోయాను. టేట్ పోయాక వంటింట్లోకి వచ్చి, నాన్నకి చెప్పనని మాటియ్యి అత్తా అన్నాడు. కిందటేడాది లక్షా పాతికంటే ఈ ఏడు పదివేలేమిట్రా, వాడి మొహాన కొట్టకపోయావా అన్నాను. కిందటేడాది ఏం జరిగిందో వాడు నాకు గుర్తు చెయ్యలేదు. "ఆడాలి అత్తా" అన్నాడు. "ఎలాగైనా సరే." మాటిచ్చాను.

జులైలో రెండో రోజు, సోమవారం. ఎనిమిదో రౌండు నడుస్తుండగా డేలెన్ ఫోన్ తీసుకుని వెనక సందులోకి పోయాడు. నేను బంగాళాదుంప తొక్కలు పారబొయ్యడానికన్నట్టు వెనకాలే పోయాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

"అవును సార్" అన్నాడు. అంతే. ఫోన్ జేబులో పెట్టుకునేలోపే హోటల్ లోపలినించి కేకలు వినిపించాయి. టీవీలో వాడి పేరు పిలిచారు.

లోపలికి వెళ్ళేసరికి మా తమ్ముడు బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. మా నాన్న పోయినప్పుడు కూడా వాడు ఏడవడం నేను చూడలేదు. కొడుకుని కౌగిలించుకుని, ఆ తరవాత తలెత్తి అందరికీ చెప్పాడు. పన్నెండు నించి ఎనిమిది. ఏడాది ఆగినందుకు నాలుగు రౌండ్లు పైకి. చూశారా అన్నాడు. ఆ వారం జిల్లా పేపరువాడు పెద్ద బొమ్మ వేసి, ఎనిమిదో రౌండులో ఆ చోటుకి కట్టిన ధర లక్షా తొంభై వేలు అని రాశాడు. చోటుకి కట్టిన ధర వేరు, మనిషికి ఇచ్చింది వేరు. పేపరువాడు ఆ తేడా రాయలేదు, చదివినవాళ్ళకి ఆ అనుమానమే రాలేదు. వర్జిల్ ఆ ముక్క కత్తిరించి, అద్దం కట్టించి, మైకు వెనక గోడకి తగిలించాడు.

ఇక డేలెన్ హోటల్లోకి అడుగు పెడితే చాలు, ఏవయ్యా షావుకారూ, ఈ పూట కాఫీలు నీవేనా అని ఏడిపించడం. వాడు నవ్వి ఇచ్చేవాడు. స్కూలు మైదానానికి కొత్త స్కోరుబోర్డు కావాలని నలుగురు పెద్దమనుషులు వచ్చి అడిగితే దానికీ ఇచ్చాడు. అప్పుడు చెప్పాల్సింది నేను. నోటి దాకా వచ్చింది. మాటిచ్చాను కదా అని ఊరుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, తమ్ముడి మొహంలో ఆ వెలుగు చూశాక ఆర్పడానికి చెయ్యి రాలేదు కూడా.

వాణ్ణి అరిజోనాలో క్లబ్బు శిబిరానికి పంపారు. కొత్తగా వచ్చినవాళ్ళందరూ అక్కడే, పెనం లాంటి ఎండలో. జార్జియా నించి కేడ్ మొరాన్ అని పద్దెనిమిదేళ్ళ పిచ్చర్ ఒకడు వచ్చాడు. ఇంకా గడ్డం సరిగ్గా రాలేదు, బంతి మాత్రం కంటికి కనబడదట. రోజూ పొద్దున వాడు విసురుతుంటే పట్టుకోవడం డేలెన్ పని. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు. ఒకరోజు భోజనాల దగ్గర, మీలాంటి ఆఖరేడాది వాళ్ళు తక్కువకి ఒప్పుకోబట్టే నాకంత ఇచ్చారట, థాంక్స్ అని చెప్పి డేలెన్‌కి మాంసం భోజనం పెట్టించాడట. డేలెన్ ఫోన్‌లో ఇది నవ్వుతూ చెప్పాడు. మంచి పిల్లాడత్తా, బంతి చివర్లో కిందికి జారుతుంది, దాన్ని ఎక్కడ వదలాలో నేర్పుతున్నాను అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ వేసవిలో వాడు నిజం మ్యాచ్‌లు ఆడింది పదకొండు. మిగతా రోజులన్నీ పిల్లలకి బంతులు పట్టడమే. చలికాలం ఇంటికి వస్తే వర్జిల్ వాణ్ణి వెంటేసుకుని ఊరంతా తిప్పాడు, బళ్ళో పిల్లల ముందు నిలబెట్టి మాట్లాడించాడు. మార్చిలో మళ్ళీ శిబిరానికి పోయాడు. ఆ నెలాఖరున ఒక పొద్దున, ఫలహారం వరుసలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటే, ఒకాయన వచ్చి భుజం తట్టి ఆఫీసులోకి రమ్మన్నాడు. పళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే వెళ్ళాడట.

నిన్ను వదిలేస్తున్నాం అని చెప్పారట. నేను ఏం సరిచేసుకోవాలి అని అడిగాడు అక్కడి కోచ్‌ని. సరిచేసుకోవడానికి ఏమీ లేదన్నాడు ఆయన. నిన్ను ఎందుకు తెచ్చామో ఆ పని బాగానే చేశావు, ఈ ఏడు ఇంకో ఇద్దరు వస్తున్నారు అన్నాడు. బస్సు టికెట్టు వాళ్ళే కొనిచ్చారు. మిగతా క్లబ్బులకి వాడు తనే ఫోన్లు చేసుకున్నాడు. వయసు చెప్పగానే, చూద్దాం అన్నారు. చిన్న ఊళ్ళలో సొంతంగా నడిపే జట్ల దగ్గరికి రెండు చోట్లకి వెళ్ళి ఆడి చూపించి వచ్చాడు. వాళ్ళు అడిగింది ఒకటే, ఎనిమిదో రౌండువాణ్ణి ఎనిమిది నెలల్లో వదిలేశారంటే ఏం చేశావబ్బాయ్ అని.

ఊరు కూడా అదే అడిగింది. కాకపోతే జవాబు కూడా ఊరే చెప్పుకుంది. తాగాడట. అమ్మాయిట. బద్ధకమట. అంత సొమ్ము ఒక్కసారి చేతిలో పడితే ఎవడు ఒళ్ళొంచుతాడు అన్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు. స్కోరుబోర్డు కట్టించుకున్నవాళ్ళే ఎక్కువ అన్నారు. మంగళవారాలు సంతలో పశువుల్ని దొడ్లోంచి తోలే పనికి కుదిరాడు డేలెన్, ఆ కర్ర పట్టుకుని, ఆ దుమ్ములో. వాడి ముందే అనేవారు. అన్నింటికంటే నాకు కడుపు మండింది వర్జిల్ మాట. వాడు కొడుకు వింటుండగానే, నా పని నేను చేశాను, ఎనిమిదో రౌండుకి చేర్చాను, నిలబెట్టుకోవడం వాడి చేతిలో ఉంది అని పదిమందికీ చెప్పేవాడు. చెప్పేస్తానురా అని డేలెన్‌ని ఎన్నిసార్లు అడిగానో. వద్దత్తా అనేవాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, అదీ నిజమే. ఊరుకున్నాను.

జూన్‌లో ఒక మంగళవారం పక్క జిల్లా నించి ఆర్లిస్ బాగ్స్ అనే రైతు వచ్చాడు. ఆయన కొడుకు మూడో ఏడు చదువుతున్నాడు, పిచ్చర్. స్కౌట్లు ఇంటికి వస్తున్నారట. వర్జిల్ మధ్యాహ్నం విరామానికి హోటల్లోకి రాగానే ఆయన టోపీ తీసి ఎదురుగా కూర్చుని, ఫోన్ వస్తే ఏం చెప్పాలో మీరే చెప్పాలి, ఈ చుట్టుపక్కల మీ అంత తెలిసినవాళ్ళు లేరు అన్నాడు. ఇంకేం కావాలి మావాడికి. కుర్చీ వెనక్కి వాల్చి మొదలెట్టాడు. మొదటి ధర వినగానే నేలకేసి చూడు. పలకకు. కుర్రాడు కంగారు పడతాడు, పట్టించుకోకు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. నా సంగతే చూడు, పన్నెండు నించి ఎనిమిది. ఆ మనిషి నిజంగానే చిన్న కాగితం మీద రాసుకుంటున్నాడు.

డేలెన్ అప్పటికి గల్లా దగ్గర నిలబడి చిక్కుళ్ళు తింటున్నాడు, కనుబొమల దాకా దుమ్ము. చెంచా కింద పెట్టాడు.

"బాగ్స్ గారూ, వాళ్ళు చెప్పిన ధరకి ఒప్పుకోండి" అన్నాడు. "మీవాడికి వెనక్కి పోవడానికి ఇంకో ఏడాది ఉన్నప్పుడే ఒప్పుకోండి. అది అయిపోతే మిమ్మల్ని ఎవరూ అడగరు."

వర్జిల్ నవ్వాడు. "విన్నారా? లక్షా తొంభై తినేసి ఇంటికొచ్చినవాడు సలహా చెబుతున్నాడు."

హోటలంతా నవ్వింది. బాగ్స్ కూడా, మర్యాదకి. డేలెన్ మొహం ఎర్రబడి, చెంచా కోసం వెతుక్కున్నాడు. ఇక నా వల్ల కాలేదు. ఇచ్చిన మాటా లేదు, గీటా లేదు.

"పదివేలు" అన్నాను.

"ఎవరికే?" అన్నాడు వర్జిల్.

"నీ కొడుక్కి. పదివేలు ఇచ్చారు. ఆ లక్షా తొంభై తొట్టిలో పోసుకో."

తరవాత మొత్తం చెప్పాను. టేట్ రెండోసారి రావడం, ఎనిమిది పేర్లు, ఎవరు పదివేలకి సరేనంటే వాణ్ణి పిలవడం, మిగిల్చింది జార్జియా కుర్రాడికి పొయ్యడం, వాడి బంతులు వీడు పట్టడం. పన్నెండో రౌండులో వాళ్ళకి కుర్రాడు కావాల్సొచ్చాడురా, ఎనిమిదిలో వాళ్ళకి కావాల్సింది తక్కువకి వచ్చేవాడు అన్నాను. నేనూ ఆ రోజు లాగమన్నదాన్నే అని కూడా అన్నాను. హోటల్లో ఎవరూ కదల్లేదు. నా గొంతు కొట్టం దాకా వినబడి ఉంటుంది.

వర్జిల్ కొడుకు వైపు తిరిగాడు.

"నాతో ఎందుకు చెప్పలేదురా?"

డేలెన్ నాకేసి చూశాడు, కోపంగా కాదు, అలిసిపోయినట్టు. ఆ వంకర బొటనవేలితో మొహం మీది దుమ్ము తుడుచుకున్నాడు.

"చెబితే నువ్వు వాళ్ళకి ఫోన్ చేసి బేరమాడేవాడివి నాన్నా" అన్నాడు. "ఆ పదివేలూ పోయేవి. నేను ఆడిన పదకొండు మ్యాచ్‌లూ ఉండేవి కావు."

అరవలేదు. ఎత్తిపొడవలేదు. అడిగావు కాబట్టి చెబుతున్నానన్నట్టు చెప్పాడు. కంచం ఎత్తి తొట్టిలో పెట్టి, కర్ర తీసుకుని బయటికి పోయాడు.

కొట్టంలోంచి మైకులో వర్జిల్ పేరు పిలిచారు, పాట మొదలెట్టాలి రమ్మని. ఇంకోసారి పిలిచారు. వాడు కూర్చునే ఉన్నాడు. బాగ్స్ తన కాగితాన్ని ఒకసారి చూసుకుని, మడిచి బల్ల మీదే వదిలేసి, టోపీ పెట్టుకుని డేలెన్ వెనకే వెళ్ళాడు. జనం కూడా ఒక్కొక్కరే, డబ్బులు పెట్టేసి, నాకేసి చూడకుండా వెళ్ళిపోయారు. మూడోసారి పిలిచి, ఇక ఇంకెవరినో కూర్చోబెట్టారు. ఆ గొంతు మాకు అలవాటు లేదు, అంకెల మధ్యలో తడబడుతోంది.

కిటికీలోంచి దొడ్డి కనబడుతుంది. కంచెకి ఇటు బాగ్స్, అటు డేలెన్. బాగ్స్ ఏదో అడుగుతున్నాడు, మావాడు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. వాడు అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం మైదానం బయట నేనెప్పుడూ చూడలేదు.

"ఏం చెప్తున్నాడే అక్కా?" అన్నాడు వర్జిల్.

"ఇక్కడికి వినబడదురా" అన్నాను.

కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు, అక్కడికి వెళ్దామనే అనుకుంటాను. సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.